పలక

ముందు తడపాలి, అంది ఇసోనో.
కొట్లో నా మొదటి రోజున మొదటి మాట అదే.
ఎండు పలక దేన్నైనా తాగేస్తుంది:
చేప నెత్తురు, ఉల్లి ఘాటు,
నీ పరధ్యానం కూడా.
దాని దాహం తీర్చాకే కత్తి ముట్టుకో.

సకాతా రేవులో పడవలు
తెల్లారకముందే మంచు దులుపుకుని ఆగుతాయి.
మా కొట్టుకి ఆరు ముక్కాలి పీటలు, ఒక పొయ్యి,
ఒకే ఒక్క హినోకి పలక.
పెళ్లినాటిది కాదు, విడిపోయిన నాటిది.
మునిసిపల్ ఆఫీసులో కాగితమిచ్చి
తిన్నగా వెళ్లి కొనుక్కుందట.
అప్పటికి మూడు వేళ్ల మందం.

రాత్రి ఆఖరి గిన్నె కడిగాక
పలక వంతు.
చన్నీళ్లే పొయ్యాలి. వేణ్ణీళ్లయితే నెత్తురు ఉడికి
చెక్కలోనే కాపురం పెడుతుంది.
పిడికెడు గళ్లుప్పు, పీచు,
నార వెంబడే తోముడు,
పిల్లి వీపుని ఎటు నిమరాలో అటే.
తుడిచి, నిలబెట్టి,
రెండు చెంపలకీ గాలి తగలనివ్వాలి.
ఎండలో మాత్రం పెట్టకు, అనేది,
ఎండ ముద్దు చేస్తూనే నడుం వంచుతుంది.

ఒక జనవరిలో నాకు చేతులు కొంకర్లు పోయి
మరుగునీళ్లు పోసి పొయ్యి పక్కన ఆనించాను.
పొద్దున్నకి పలక పడవైంది.
కత్తి ఆనితే చాలు, లటక్ లటక్.
ఇసోనో తిట్టలేదు.
లోతు పడ్డ వైపు తడిగుడ్డ పరిచి
పైన ఊరగాయ రాయి పెట్టింది.
మూడు రోజులు తరిగే పని లేని గంజే వండింది.
ఏమైందని అడిగిన జాలర్లకి
"పలకకి ఒంట్లో బాగాలేదు" అని చెప్పింది.
వాళ్లు తలూపి, గంజి తాగి,
మామూలు డబ్బులే పెట్టి వెళ్లారు.

కాడ్ చేపల రోజులు అయిపోగానే
గెంకిచి వచ్చేవాడు చిత్రికతో.
చెవి వెనక పెన్సిలు, మోకాళ్ల మీద గోనె.
అక్కడి వడ్రంగులు చిత్రికను తోయరు,
తమవైపు లాక్కుంటారు.
మొదటి పొర నల్లగా, కత్తిగాట్లతో,
ఏడాది పొడుగునా మేం రాసిన కొక్కిరి రాత.
రెండోది కానాగంతల వాసన.
మూడోది అల్లం.
నాలుగో లాగుడికి కొట్టంతా ఉన్నట్టుండి అడవి.
తింటున్నవాళ్లు కూడా నమలడం ఆపేవాళ్లు.
ఇసోనో ఆ చుట్టల్ని పైటగుడ్డలో ఏరుకుని
రాత్రి స్నానపు తొట్టిలో వేసుకునేది.
కూలి అడిగితే గెంకిచి
ఇంకో గిన్నె చారు పొయ్యమనేవాడు.

ముప్పై ఒక్కసార్లు.
బాగు చేసిన ప్రతిసారీ కాస్త తరుగు.

ఈ ఏడు పలకను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి
అంచుని చిటికెన వేలితో కొలిచాడు.
"ఇక పట్టను" అన్నాడు.
చిత్రికను గుడ్డలో చుట్టేసి
సత్తు కుండ అడిగాడు.
దాని మూతిని పలక మీద బోర్లించి
చుట్టూ పెన్సిలు తిప్పాడు.
రంపం కోస్తున్నంతసేపూ
ఇసోనో కడిగిన బియ్యమే కడిగింది.

ఇప్పుడది కుండలో చేపల మీదే కూర్చునే మూత.
మీసో పులుసు ఉడుకుతుంటే
లోపల టకటకలాడుతుంది,
వెనక కత్తి చప్పుడు ఎలా ఉండేదో
దాదాపు అలాగే.

మూలలు నాలుగు మిగిలాయి.
ఒకటి ఊగే బల్ల కాలి కింద పెట్టాం.
ఒకటి తలుపుకి అడ్డు.
ఒకదానికి ఉప్పు రాసి, నూనె రాసి
నా పెట్టెలో దాచుకున్నాను.
నాలుగోది గెంకిచి అడక్కుండానే జేబులో వేసుకున్నాడు.
ఇసోనో చూసింది.
చూసి, అతని గిన్నెలో చారు పోసింది,
అడక్కుండానే.

కొత్త పలక వచ్చింది,
మూడు వేళ్ల మందం, ఒక్క గీతా లేదు.
కత్తి ఎత్తాను.
పొయ్యి దగ్గర్నించి, వెనక్కి తిరక్కుండానే,
"తడిపావా?" అంది.